పాఠకుల ప్రశ్నలు: విమానం కూలితే తప్పంతా పైలట్‌దేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ చాలావరకు విమాన ప్రమాదాల మీదే ఉన్నాయి. మన రెండు జిల్లాలకీ ఈ సబ్జెక్ట్ కాస్త దగ్గరది కూడా. విజయనగరం అశోక్ గజపతిరాజు గారు 2014 నుంచి 2018 దాకా పౌర విమానయాన మంత్రిగా చేసారు, అహ్మదాబాద్ ప్రమాదం జరిగినప్పుడు అదే కుర్చీలో మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు ఉన్నారు, భోగాపురంలో పెద్ద ఎయిర్‌పోర్ట్ కట్టుకున్నాం. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాం. పేర్లు వెయ్యొద్దని కొందరు అడిగారు, అందుకని ఎవరి పేరూ వెయ్యలేదు, ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

అహ్మదాబాద్ రిపోర్ట్‌లో ఫ్యూయల్ స్విచ్‌లు ఆపేసినట్టు తేలిపోయింది కదా. స్విచ్ దానంతటది ఆగిపోదు. మరింక పైలట్టే చేసాడని ఒప్పుకోడానికి ఏటి అభ్యంతరం? మా వీధి అరుగు మీద రోజూ ఇదే గొడవ.
— రిటైర్డ్ టీచర్, నరసన్నపేట

మేష్టారూ, ముందు ఆ రిపోర్ట్‌లో ఏముందో, ఏం లేదో విడివిడిగా చూద్దాం, అరుగు మీద గొడవంతా ఈ రెండూ కలిపేయడం వల్లే వస్తోంది.

2025 జూన్ 12న ఎయిర్ ఇండియా 171, బోయింగ్ 787 విమానం, అహ్మదాబాద్ నుంచి లండన్‌కి బయల్దేరింది. లోపల 242 మంది ఉంటే బతికింది ఒకే ఒక్కరు, కింద ఉన్నవాళ్లు 19 మంది పోయారు, మొత్తం 260 ప్రాణాలు. సరిగ్గా నెలకి, జూలై 12న మన దేశంలో విమాన ప్రమాదాలు దర్యాప్తు చేసే ఏఏఐబీ వాళ్లు ప్రాథమిక రిపోర్ట్ బయటపెట్టారు. అందులో ఉన్నది ఇదీ: నేల వదిలిన కొన్ని సెకన్లకే రెండు ఇంజన్ల ఫ్యూయల్ స్విచ్‌లూ ఒక్క సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కి, అంటే ఇంజన్‌కి ఇంధనం ఆపేసే వైపుకి మారాయి, కాక్‌పిట్ రికార్డింగ్‌లో ఒక పైలట్ ఎందుకు కటాఫ్ చేసావని అడిగితే రెండో ఆయన నేను చెయ్యలేదన్నాడు, ఓ పది సెకన్లకి స్విచ్‌లు మళ్లీ రన్‌లోకి వచ్చాయి, ఒక ఇంజన్ తేరుకోవడం మొదలెట్టింది కూడా, కానీ అప్పటికే ఎత్తు లేదు, టైమ్ లేదు.

ఇక లేనిది. అడిగింది ఎవరో, కాదన్నది ఎవరో రిపోర్ట్ చెప్పలేదు. స్విచ్‌లు ఎలా మారాయో చెప్పలేదు. ఫలానా వాళ్ల తప్పు అని ఒక్క ముక్క రాయలేదు. పైగా ఇదే బోయింగ్ విమానాల స్విచ్‌ల లాకింగ్ గురించి 2018లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఒక సలహా పత్రం ఇచ్చిందనీ, అది తప్పనిసరి కాదు కాబట్టి ఎయిర్ ఇండియా ఆ తనిఖీ చెయ్యలేదనీ అందులోనే ఉంది. దాని వల్లే జరిగిందని నేను అనడం లేదు, రిపోర్ట్ కూడా అనలేదు. చూడాల్సినవి ఇంకా ఉన్నాయి అని మాత్రం అర్థం.

ఈ ఖాళీలన్నీ టీవీల వాళ్లు, యూట్యూబ్ వాళ్లు రాత్రికి రాత్రి నింపేసారు. చనిపోయిన కెప్టెన్ ఇంటి విషయాలు, మనసు పరిస్థితి, ఆయన ఉద్యోగం మానేద్దామనుకున్నాడా లేదా, అన్నీ రోడ్డు మీద పడ్డాయి, జవాబు చెప్పుకోడానికి ఆయన లేడు. తొంభై ఏళ్లు దాటిన ఆయన తండ్రి సుప్రీంకోర్టు మెట్లెక్కితే, ఈ భారం మీరు మొయ్యక్కర్లేదు, మీ అబ్బాయిని ఎవరూ తప్పుపట్టలేరు అని 2025 నవంబర్‌లో జడ్జి గారు ఆయనకి ధైర్యం చెప్పాల్సి వచ్చింది. ఒక తండ్రికి ఆ వయసులో ఆ పని పెట్టింది మనందరి నోళ్లే కదా, అది నాకు చాలా బాధ అనిపించింది.

ఇంకో మాట. ప్రపంచం మొత్తం పాటించే ఐకావో (ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ) రూల్స్‌లో, అనెక్స్ 13 అంటారు, దర్యాప్తు ఉద్దేశం ప్రమాదాలు మళ్లీ జరక్కుండా చూడడమే, ఎవరి మీదా తప్పు మోపడం కాదు అని స్పష్టంగా రాసుంది. ఇది మర్యాద కోసం పెట్టింది కాదు. చెప్తే జైలే అనుకున్న మెకానిక్ గానీ పైలట్ గానీ నిజం చెప్పడు, నిజం తెలీకపోతే రేపు అదే లోపంతో ఇంకో విమానం లేస్తుంది. తుది రిపోర్ట్‌లో మనిషి చేసిన పనే అని ఆధారాలతో తేలితే అప్పుడు ఒప్పుకుందాం, అందులో నాకు మొహమాటం లేదు. అంతదాకా మాత్రం ఆ మాట అనే హక్కు అరుగు మీద ఎవరికీ లేదండీ.

నా షాపులో గుమాస్తా తప్పు చేసినా జనం నన్నే అడుగుతారు, నేనే జవాబు చెప్తాను. విమానానికి కెప్టెన్ పెద్ద. పైలట్‌ని ఏమీ అనకూడదు అంటే ఎలాగండీ? వందల మంది ప్రాణాలు చేతిలో పెట్టుకున్నవాడికి బాధ్యత ఉండక్కర్లేదా?
— బట్టల వ్యాపారి, బొబ్బిలి

ఉండాలి, వంద శాతం ఉండాలి. విమానం కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా ఆఖరి మాట కెప్టెన్‌దే అని అన్ని దేశాల చట్టాలూ చెప్తాయి, మన చట్టమూ అదే చెప్తుంది. వాతావరణం బాలేదు నేను వెళ్లను అంటే ఓనర్ కూడా ఏమీ చెయ్యలేడు. అంత అధికారం ఇచ్చినప్పుడు అంత జవాబుదారీ కూడా ఉంటుంది. నా గొడవ అక్కడ కాదు. పైలట్ తప్పు అని రాసేసి ఫైల్ మూసేస్తారు చూడండి, అక్కడ.

మీకు న్యూజిలాండ్‌లో జరిగింది చెప్తాను. 1979 నవంబర్ 28, ఎయిర్ న్యూజిలాండ్ విమానం 901, అంటార్కిటికా మంచు చూపించి వెనక్కి తీసుకొచ్చే టూరిస్ట్ ఫ్లైట్. ఎరెబస్ అనే కొండకి గుద్దుకుని 257 మంది పోయారు. మొదట వచ్చిన అధికారిక రిపోర్ట్ కెప్టెన్‌నే తప్పుపట్టింది, అంత కిందకి ఎందుకు దిగావు, ఎక్కడున్నావో తెలీకుండా ఎందుకు వెళ్లావు అని. తర్వాత జస్టిస్ పీటర్ మహాన్ అనే జడ్జిని విచారణకి వేస్తే ఆయన తవ్వితే బయటపడింది ఏంటంటే, పైలట్లకి ముందు బ్రీఫింగ్‌లో చూపించిన దారి సముద్రం మీది చదును మంచు వైపు వెళ్తుంది, ప్రయాణానికి ముందు రాత్రి కంపెనీ వాళ్లు కంప్యూటర్‌లో ఆ దారి అంకెలు మార్చేసారు, కొత్త దారి తిన్నగా కొండ మీదకి పోతుంది, ఆ మార్చిన సంగతి పైలట్లకి ఎవరూ చెప్పలేదు. పైన తెల్ల మబ్బు, కింద తెల్ల మంచు, ఎదురుగా కొండ ఉన్నా తెల్లగానే ఉంటుంది, కళ్లతో పోల్చుకునే వీలే లేదు. మీ భాషలో చెప్పాలంటే రాత్రికి రాత్రి మీరు రేట్లు మార్చేసి, గుమాస్తాకి చెప్పకుండా, పొద్దున్న బిల్లు తప్పు వేసాడని వాణ్ణి పనిలోంచి తీసేసినట్టు.

ఆ కెప్టెన్ కుటుంబం ఎన్నేళ్లు ఆ నింద మోసిందో తెలుసా అండీ? న్యూజిలాండ్ ప్రభుత్వం తరఫున ప్రధాని జసిండా ఆర్డెన్ క్షమాపణ చెప్పింది 2019లో, అంటే నలభై ఏళ్లకి. అప్పుడు కూడా పైలట్ల తప్పు కాదని పైకి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి కెప్టెన్‌ని అడగండి, తప్పకుండా అడగండి. ఆయన చేతికి ఆ కాయితం ఇచ్చినవాణ్ణి కూడా అడగండి అంటున్నాను అంతే.

మా అబ్బాయి ఒక ఎయిర్‌లైన్‌లో కో-పైలట్. రాత్రి డ్యూటీలు ఎక్కువ, ఫోన్ చేస్తే గొంతులోనే నిద్ర తెలుస్తాది. పక్కన కూర్చునే కెప్టెన్లు వాళ్ల నాన్న వయసు వాళ్లు. వాళ్లు తప్పు చేస్తే వీడు చెప్పగలడా, చెప్తే ఉద్యోగం ఉంటాదా, చెప్పకపోతే రేపు వీడి పేరే పేపర్లో వస్తాదా అని నాకు నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి, శ్రీకాకుళం

అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. మీరు ఒక తల్లిగా అడిగారు గానీ, విమానాల సేఫ్టీ మీద పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి తలలు పట్టుకున్న ప్రశ్న సరిగ్గా ఇదే.

2010 మే 22, తెల్లవారుజామున దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటిపోయి లోయలో పడింది, 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. బ్లాక్ బాక్స్‌లో ఏం వినపడిందంటే కెప్టెన్ గురక. దారి పొడుగునా గంటన్నర పైనే నిద్రపోయాడు, దిగే ముందు లేచాడు, విమానం ఉండాల్సిన దానికంటే చాలా ఎత్తులో ఉంది, కో-పైలట్ మూడుసార్లు గో-అరౌండ్ అన్నాడు, అంటే దిగొద్దు, మళ్లీ పైకి లేపి చుట్టు తిరిగి వద్దాం అని. కెప్టెన్ వినలేదు. రిపోర్ట్ కెప్టెన్‌నే తప్పుపట్టింది, కరెక్టే, నేను దానితో వాదించను, దిగకుండా లేపేసి ఉంటే ఆ 158 మంది ఇళ్లకి వెళ్లేవాళ్లు.

కానీ పదేళ్ల తర్వాత ఏమయిందో చూడండి. 2020 ఆగస్టు 7, అదే కంపెనీ, అదే రకం విమానం, అదే దుబాయ్ నుంచి, ఈసారి కోళికోడ్, అది కూడా కొండ మీద చదును చేసి కట్టిన టేబుల్ టాప్ రన్‌వే. జోరు వాన, కెప్టెన్ వైపు వైపర్ పనిచెయ్యలేదు, వెనక నుంచి గాలి, విమానం రన్‌వే సగం దాటాక నేలకి తగిలింది. కో-పైలట్ గో-అరౌండ్ అన్నాడు, కెప్టెన్ వినలేదు. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది పోయారు. ఈసారి ఏఏఐబీ రిపోర్ట్ కెప్టెన్‌ని తప్పుపట్టి, కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకోనందుకు కో-పైలట్‌నీ తప్పుపట్టింది. అక్కడితో ఆగకుండా ఇంకో సంగతి కూడా రాసింది, మర్నాడు పొద్దున్న కోళికోడ్ నుంచి లేచే ఫ్లైట్ ఆ కెప్టెనే నడపాలి, అక్కడ కెప్టెన్లు సరిపడా లేరు, ఎలాగైనా అక్కడే దిగాలి అన్న ఆలోచన ఆయన మీద పనిచేసింది అని. చూసారా అమ్మా, మంగళూరు కెప్టెన్‌ని ఎంత తిట్టినా కోళికోడ్ ఆగలేదు. తిట్టడానికి ఒక మనిషి దొరికాడు, కానీ పక్కవాడి మాట వినపడని కాక్‌పిట్ అలాగే ఉండిపోయింది, ఎవరికి ఎప్పుడు డ్యూటీ అని వేసే రోస్టర్ అలాగే ఉండిపోయింది.

ఈ మాట వినపడకపోవడం మన దేశానికే ఉన్న జబ్బు కాదు. 1977 మార్చి 27న స్పెయిన్ వాళ్ల టెనెరిఫే ద్వీపంలో పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది చనిపోయారు, ఇప్పటికీ ప్రపంచంలో అంత పెద్ద విమాన ప్రమాదం లేదు. కేఎల్ఎమ్ కెప్టెన్ ఆ కంపెనీలో అందరికీ శిక్షణ ఇచ్చే పెద్ద మనిషి. ఆయన పర్మిషన్ రాకుండానే పరుగు మొదలెడితే వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్, ఎదర విమానం ఇంకా రన్‌వే ఖాళీ చెయ్యలేదేమో అని అడిగాడు. చేసేసిందన్నాడు కెప్టెన్. ఇంజనీర్ ఇంకో మాట అనలేకపోయాడు. ఇలాంటివి చూసాకే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అని, సీఆర్ఎమ్ అంటారు, ఒక ట్రైనింగ్ మొదలెట్టారు. చిన్నవాడు ఎలా గట్టిగా చెప్పాలి, పెద్దవాడు ఎలా వినాలి అన్నదే అందులో పాఠం. మీ అబ్బాయి కూడా అది చేసే ఉంటాడు, చెయ్యకుండా సీట్లో కూర్చోనివ్వరు. చాలా ఎయిర్‌లైన్స్‌లో ఇప్పుడు ఇద్దరిలో ఎవరు గో-అరౌండ్ అన్నా ఇంక చర్చ లేదు, లేపేయాల్సిందే.

మరి కాయితం మీద అంత బాగుంటే ఇబ్బంది ఎక్కడంటే మన పెంపకంలో. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకు, మేష్టారు తప్పు చెప్పినా నోరెత్తకు అని చిన్నప్పటినుంచీ నేర్పింది మనమే, ఆ పిల్లాడే రేపు తెల్లవారుజామున కాక్‌పిట్‌లో కూర్చుంటాడు. కాబట్టి మీరు చెయ్యగలిగిన పని ఒకటుంది, ఆ పని విమానయాన రూల్స్ పెట్టే డీజీసీఏ వల్ల కాదు, కంపెనీ వల్లా కాదు. నాన్నా, అక్కడ పెద్దాయనకి గట్టిగా చెప్పడం అమర్యాద కాదు, నీ ఉద్యోగమే అది, ఉద్యోగం పోయినా పర్లేదు ఇంటికి వచ్చెయ్, నేనున్నాను అని మీ నోటితో చెప్పండి. మీ దగ్గర్నుంచి ఆ మాట వింటే వాడికి ఉండే బలం వేరు.

నిద్ర సంగతికి వస్తే, డీజీసీఏ డ్యూటీ రూల్స్ మార్చింది, వారానికి 36 గంటలు ఉన్న రెస్ట్‌ని 2025 జూలై నుంచి 48 చేసారు, రాత్రి ల్యాండింగ్‌లు ఆరు దాకా ఉన్నవి రెండుకి తగ్గించి నవంబర్ నుంచి అమలు అన్నారు. డిసెంబర్‌లో ఏం జరిగిందో మీకూ తెలుసు, ఇండిగోలో సరిపడా పైలట్లు లేక వేల ఫ్లైట్లు క్యాన్సిల్ అయ్యాయి, జనం ఎయిర్‌పోర్టుల్లో పడుకున్నారు, ఆ గోల తట్టుకోలేక రాత్రి రూల్స్‌లో ఆ కంపెనీకి కొన్నాళ్లు సడలింపు ఇచ్చారు. ప్రయాణికుల కష్టం నిజమే, కాదనను. కానీ రూల్ వస్తోందని చాలా ముందే తెలిసి కూడా మనుషుల్ని తీసుకోకపోతే ఆ భారం ఎవరి కంటి మీద పడిందంటే మీ అబ్బాయి లాంటి వాళ్ల కంటి మీదే. మన జిల్లా మంత్రి గారి శాఖ కాబట్టి మరీ మొహమాటం లేకుండా చెప్తున్నాను, రెస్ట్ రూల్‌ని ఎవరి కోసమూ సడలించకూడదు.

అలిసిపోతే ఫెటీగ్ రిపోర్ట్ పెట్టే హక్కు అబ్బాయికి ఉంది, పెట్టమనండి, వాట్సాప్‌లో కాదు, రికార్డ్‌లో ఉండేలా పెట్టమనండి. ఇంకోటి, సెలవుకి ఇంటికొచ్చినప్పుడు పెళ్లిళ్లకీ పేరంటాలకీ తిప్పకండి, మధ్యాహ్నం పడుకుంటే చుట్టాలొచ్చారని లేపకండి. బ్లాకౌట్ కర్టెన్లు ఒక జత కొని ఆ గదికి వేయించండి, వాడికి మీరు పెట్టే సున్నుండల కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.

కంటకాపల్లి రైలు ప్రమాదంలో కూడా అదే రాత్రి డ్రైవర్ తప్పు అనేసారు. విమానం పైలట్‌కి సుప్రీంకోర్టు దాకా వెళ్లేవాళ్లు ఉన్నారు, లోకో పైలట్‌కి ఎవరున్నారు?
— కొత్తవలస

మంచి ప్రశ్న, మనసుని పట్టేసే ప్రశ్న. 2023 అక్టోబర్ 29 సాయంత్రం, విశాఖ-పలాస పాసింజర్‌ని వెనక నుంచి విశాఖ-రాయగడ పాసింజర్ గుద్దింది, 14 మంది పోయారు, వెనక రైలు లోకో పైలట్ కూడా అందులోనే పోయాడు. చీకటి పడ్డాక శవాలు తీస్తుండగానే మానవ తప్పిదం, సిగ్నల్ దాటేసాడు అని రైల్వే ప్రకటన వచ్చేసింది. ఆ సెక్షన్‌లో ఆటో సిగ్నల్స్ పాడయ్యాయి, పాడైన సిగ్నల్ దగ్గర ఆగి, తర్వాత బాగా నెమ్మదిగా వెళ్లాలని రూల్ ఉంది, అది పాటించలేదన్నది ఆరోపణ. సరే, పాటించలేదే అనుకుందాం. మరి ఆ సిగ్నల్స్ ఎందుకు పాడయ్యాయి, ముందు రైలు ఇంకా అక్కడే ఉంటే వెనక రైలుని ఎందుకు వదిలారు, డ్రైవర్ తప్పు చేసినా బండిని ఆపేసే కవచ్ ఆ లైన్‌లో ఎందుకు లేదు? ఇవి కూడా అదే రాత్రి అడగాల్సినవే.

అదే సంవత్సరం జూన్ 2న బాలాసోర్‌లో 290 మందికి పైగా పోయినప్పుడు కూడా మొదటి గంటల్లో అందరి చూపూ కోరమాండల్ డ్రైవర్ మీదే. తర్వాత తేలింది ఆయనకి గ్రీన్ సిగ్నలే ఉందని, తప్పు సిగ్నల్ వైరింగ్‌లో ఉందని.  లోకో పైలట్లకి కూడా ఏఏఐబీ లాగా రైల్వేతో సంబంధం లేని దర్యాప్తు సంస్థ ఉండాలి అని నా గట్టి అభిప్రాయం. రైల్వే సేఫ్టీ కమిషనర్ పౌర విమానయాన శాఖ కిందే ఉంటారు నిజమే, కానీ ఆయన రిపోర్ట్ వచ్చేలోపు రైల్వే వాళ్లే తీర్పు చెప్పేస్తే ఇంక ఆ రిపోర్ట్‌కి విలువేముంది?

పైలట్లు తాగి నడుపుతారని విన్నాను, నిజమా?
— టెక్కలి

చాలా అరుదు. ఫ్లైట్‌కి ముందు 12 గంటలు మందు ముట్టకూడదు, బ్రీత్ ఎనలైజర్‌లో సున్నా రావాలి, మొదటిసారి దొరికితే మూడు నెలలు లైసెన్స్ సస్పెండ్, రెండోసారి మూడేళ్లు, మూడోసారి పూర్తిగా రద్దు. ఇందులో పైలట్‌ని వెనకేసుకురావాల్సిన పనిలేదు, తాగి ఎక్కినవాడిది పొరపాటు కాదు, నేరం.

ఇంజనీరింగ్ చదువుతున్నాను. మనిషే తప్పులు చేస్తున్నప్పుడు పైలట్‌ని తీసేసి మొత్తం కంప్యూటర్‌కి ఇచ్చేస్తే సరిపోదా సార్?
— రాజాం

బాబూ, కంప్యూటర్‌ని రాసేదీ మనిషే. బోయింగ్ 737 మ్యాక్స్ సంగతి చదువు. ఎమ్‌క్యాస్ అని ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు, ఒకే ఒక్క సెన్సర్ మాట విని విమానం ముక్కుని కిందకి నొక్కుతుంది, అది ఉందని పైలట్ల మాన్యువల్‌లో కూడా రాయలేదు. 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ విమానం 189 మందితో సముద్రంలో పడింది, దాని కెప్టెన్ మన ఢిల్లీ కుర్రాడు. అమెరికాలో చాలామంది ఏమన్నారు, అక్కడి పైలట్లకి ట్రైనింగ్ సరిగ్గా ఉండదు అన్నారు. ఐదు నెలలు తిరక్కుండా 2019 మార్చి 10న ఇథియోపియాలో అదే విమానం, అదే లోపం, 157 మంది. అప్పుడు గానీ ప్రపంచమంతా ఆ విమానాల్ని నేల మీద పెట్టలేదు. మొదటి ప్రమాదంలో పైలట్‌ని అనడం కాస్త తగ్గించి డిజైన్‌ని చూసి ఉంటే ఆ 157 మంది బతికేవాళ్లు, నాకు ఈ విషయంలో కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇంకో వైపు కూడా చూడు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు కొట్టి రెండు ఇంజన్లూ పోతే కెప్టెన్ సలెన్‌బర్గర్ విమానాన్ని హడ్సన్ నది మీద దింపాడు, 155 మందీ బతికారు. తర్వాత సిమ్యులేటర్‌లో చేసి చూస్తే, పక్షి కొట్టిన క్షణంలోనే వెనక్కి తిప్పితే ఎయిర్‌పోర్ట్‌కి చేరొచ్చని వచ్చింది. ఏం జరిగిందో అర్థం చేసుకోడానికి మనిషికి పట్టే టైమ్‌గా 35 సెకన్లు కలిపి మళ్లీ చేస్తే విమానం చేరలేదు, కూలింది. కుర్చీలో తీరిగ్గా కూర్చుని, ఏం జరిగిందో ముందే తెలిసినవాడు చెప్పే తీర్పుకీ, ఆ సీట్లో ఉన్నవాడి నిర్ణయానికీ తేడా ఆ 35 సెకన్లు. నువ్వు రేపు ఏ సిస్టమ్ డిజైన్ చేసినా ఆ సెకన్లు మనిషికి ఇచ్చేలా చెయ్యి.

ప్రమాదం పైలట్ తప్పు అని తేలితే చనిపోయినవాళ్ల కుటుంబాలకి నష్టపరిహారం తగ్గిపోతుందా? మా బంధువుల్లో గల్ఫ్ వెళ్లి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే అడుగుతున్నాను.
— చీపురుపల్లి

తగ్గదండీ, ఈ భయం అస్సలు పెట్టుకోవద్దు. విదేశీ ప్రయాణాలకి మాంట్రియల్ కన్వెన్షన్ అని ఒప్పందం ఉంది, మన దేశం అందులో ఉంది. దాని ప్రకారం ప్రయాణికుడు చనిపోతే 1,51,880 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ వాళ్ల లెక్క యూనిట్) దాకా, రూపాయల్లో చూస్తే కోటిన్నర పైమాటే, ఎవరి తప్పు అన్న ప్రశ్న లేకుండానే ఎయిర్‌లైన్ బాధ్యత. నష్టం అంతకంటే ఎక్కువని కుటుంబం నిరూపిస్తే, మా వైపు నిర్లక్ష్యం లేదు అని కంపెనీ చూపించుకోవాలి, పైలట్ కంపెనీ మనిషే కాబట్టి పైలట్ తప్పు కంపెనీ తప్పు కిందే లెక్క. దేశం లోపల తిరిగే ఫ్లైట్లకి పరిమితి వేరు, బాగా తక్కువ.

రెండు జాగ్రత్తలు. కేసు వెయ్యాలంటే రెండేళ్ల లోపే వెయ్యాలి, తుది రిపోర్ట్ వచ్చేదాకా ఆగుదాం అని కూర్చుంటే గడువు దాటిపోవచ్చు. ఇంకా, తక్షణ సాయం అని ఎవరైనా చెక్కుతో పాటు కాయితాలు తెస్తే, అందులో ఇకపై ఏ క్లెయిమూ ఉండదు అన్న లైన్ ఉందేమో లాయర్‌కి చూపించాకే సంతకం పెట్టండి.